చిన్న గింజకు పెద్ద చేప: 14 పూటల గాలం డైరీ

ఈ డైరీలో పెద్ద చేప అంటే 3 కిలోలు, ఆ పైన. చేప బంగారుతీగ, అంటే కామన్ కార్ప్. నీళ్ళు నిలిచి ఉండే చెరువు. గట్టు పక్కన 60 సెంటీమీటర్ల లోతు, 15 మీటర్లు లోపలికి పోతే రెండు మీటర్లు. చేతికి వచ్చిన ప్రతి చేపనూ తూకం వేసి తిరిగి నీళ్ళలోకే వదిలాను.

ఇదే పని మీరూ చేయాలనుకుంటే కావలసిన కొలతలన్నీ ఐదో దశలో ఉన్నాయి. అయితే నాలుగో దశ చదవకుండా అక్కడికి వెళ్ళకండి. చేపలకు నా చేతిలో నష్టం జరిగింది ఆ దశలోనే.

దశ 1: పెద్ద ఎర (1 నుంచి 3 పూటలు)

మొదటి మూడు పూటలూ అందరూ చెప్పే మాట మీదే నడిచాను: పెద్ద చేప కావాలంటే పెద్ద ఎర వేయాలి. 24 మిల్లీమీటర్ల పిండి ముద్ద, నెంబర్ 4 గాలం. గాలం నెంబర్లు తలకిందులుగా ఉంటాయి; నెంబర్ పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. కాబట్టి 4 అంటే పెద్దదే. పూట మొదట్లో రెండు కిలోల తవుడు తడిపి చల్లేవాణ్ణి.

మూడు పూటల్లో దారం బాగా కదిలింది 9 సార్లు. పడింది ఒక్కటి, 1.1 కిలోలు. ముద్దను ఎక్కువగా చిన్న చేపలే గిల్లి గిల్లి ఖాళీ చేశాయి. వానపాముల గుత్తి కట్టినా అదే జరిగింది.

మూడో పూట పొద్దున గాలి లేదు, గట్టు పక్కన నీళ్ళు తేటగా ఉన్నాయి. చల్లిన తవుడు మీదికి ఒక పెద్ద చేప వచ్చింది. నాకు రెండు మీటర్ల దూరం కూడా లేదు. దాని నోరు గొట్టంలా ముందుకు సాగింది. తవుడూ అడుగు బురదా కలిసి లోపలికి పోయాయి. ఒక్క క్షణం ఆగింది. మొప్పల పక్క నుంచి బురద పొగలా బయటికి వచ్చింది, రెండు మూడు పుల్లముక్కలు నోట్లోంచి ఊసినట్టు ముందుకు పడ్డాయి. మళ్ళీ అడుగు ముందుకు, మళ్ళీ పీల్చడం. నా ముద్ద దాకా వచ్చి, మీసాలు ఆనించి, దాన్ని చుట్టేసి పోయింది. నేను పావుగంట సేపు కదలకుండా చూశాను. ఆ పావుగంటలో అది బఠాణీ గింజ కంటే పెద్ద వస్తువును ఒక్కటి కూడా నోట్లోకి తీసుకోలేదు.

బంగారుతీగకు దవడల్లో పళ్ళుండవు. పళ్ళు గొంతులో ఉంటాయి. గింజనూ నత్తగుల్లనూ నలిపేది అక్కడే. కొరికి తినే చేప కాదు, పీల్చి, లోపల వేరుచేసి, అక్కర్లేనిది ఊసేసే చేప. అడుగు బురదలో దానికి దొరికే ఎర్రటి పిల్లపురుగులు (వాటి ఎరుపు హిమోగ్లోబిన్ వల్ల వచ్చేదే) ఒకటి రెండు సెంటీమీటర్లకు మించవు. బొచ్చె సంగతి ఇంకా చిత్రం. ఇరవై కిలోలు దాటగల ఆ చేప నీళ్ళలో తేలే జంతు ప్లవకాలను, అంటే కంటికి సరిగా ఆనని జీవులను, మొప్పల్లో ఉండే జల్లెడతో వడకట్టుకుని తింటుంది. చేప సైజుకు తగ్గ ఎర అనే లెక్క ఈ జాతులకు పనికిరాదని నాకు అర్థమైంది ఆ పొద్దునే.

*ఇప్పటికి మొత్తం: 3 పూటలు, 11 గంటలు. పెద్ద చేపలు 0.*

దశ 2: గింజ మార్చాను, గాలం మార్చలేదు (4 నుంచి 6 పూటలు)

ఎరగా ఒకే ఒక్క మొక్కజొన్న గింజ. ఎండు గింజలను 24 గంటలు నానబెట్టి, అరగంట ఉడికించాను. ఈ పని తప్పించుకోకండి. నానని ఎండు గింజ చేప కడుపులోకి పోయాక ఉబ్బుతుంది, అది చేపకు ప్రమాదం. ఉడికిన ఎండు గింజ డబ్బాలో వచ్చే మెత్తటి గింజ కంటే గట్టిగా ఉంటుంది. చిన్న చేపలు దాన్ని చీల్చలేవు. గంటకు ఇరవై దాకా ఉండే గిల్లుళ్ళు రెండు మూడుకు తగ్గిపోయాయి.

గాలం మాత్రం పాత నెంబర్ 4 నే ఉంచాను. పెద్ద చేపకు బలమైన గాలం ఉండాలన్న భయం.

మూడు పూటల్లో దారం 14 సార్లు చిన్నగా అదిరి ఆగిపోయింది. ఒక్కసారి చేప పడి, నాలుగైదు సెకన్లలో ఊడిపోయింది. అంత తక్కువ సేపట్లో అది పెద్దదో కాదో తెలియలేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. గాలం పైకి తీసిన ప్రతిసారీ గింజ చెక్కుచెదరకుండా ఉంది. అంటే చేప వస్తోంది, నోట్లోకి తీసుకోబోతోంది లేదా తీసుకుని ఊసేస్తోంది. ఎర నచ్చింది, ఎరతో పాటు ఉన్నదేదో నచ్చలేదు.

*ఇప్పటికి మొత్తం: 6 పూటలు, 23 గంటలు. పెద్ద చేపలు 0.*

దశ 3: డ్రమ్ములో కొలతలు

చెరువుకు వెళ్ళడం ఆపి, 60 సెంటీమీటర్ల లోతు నీళ్ళున్న డ్రమ్ము ముందు కూర్చున్నాను. ఊసేయడానికి కారణం బరువేనని నా అనుమానం. పక్కనున్న వదులు గింజలు ఒక పీల్పుకు లేచి నోట్లోకి పోతుంటే, గాలం గుచ్చిన గింజ అడుగునే బరువుగా కూర్చుంటోందేమో.

ముందు గాలాలు తూచాను. ఒక్క గాలం బరువు చిన్న కాటా మీద నిలకడగా చూపదు, అందుకే పది కలిపి తూచి పదితో భాగించాను. నెంబర్ 4: 0.29 గ్రాములు. నెంబర్ 10 మందపు తీగ: 0.11. నెంబర్ 14 సన్న తీగ: 0.03. గింజ 0.35 గ్రాములే అయినా నీళ్ళలో దాని బరువులో పదో వంతే మిగులుతుంది, ఎందుకంటే అది నీటి కంటే కొద్దిగానే బరువు. ఉక్కు అలా కాదు, నీళ్ళలోనూ దాదాపు తన బరువంతా ఉంచుకుంటుంది. కాబట్టి అడుగున నెంబర్ 4 గాలం తన గింజ కంటే ఏడు రెట్లు బరువు.

తర్వాత ఒక్కొక్కటీ డ్రమ్ములో వదిలి, ఫోన్‌లో వీడియో తీసి, నెమ్మదిగా నడిపి లెక్కపెట్టాను. అయిదేసి సార్లు చేసిన సగటు, అడుగు చేరడానికి పట్టిన సమయం:

1. వదులు గింజ: 4.6 సెకన్లు
2. గింజ + నెంబర్ 4: 1.6 సెకన్లు
3. గింజ + నెంబర్ 10 మందపు తీగ: 2.4 సెకన్లు
4. గింజ + నెంబర్ 14 సన్న తీగ: 3.5 సెకన్లు

రెండో వరుస చూశాక ఇంకేమీ అడగాల్సిన పని లేదనిపించింది. నాలుగో వరుస చూసి అదే జవాబు అనుకున్నాను. అక్కడ తప్పు చేశాను.

దశ 4: చేపలు పడ్డాయి, పోయాయి (7 నుంచి 9 పూటలు)

నెంబర్ 14 సన్న తీగ గాలం, 0.20 మిల్లీమీటర్ల నైలాన్ దారం. తవుడు పూర్తిగా మానేసి, పూట మొదట్లో 40 గింజలు చల్లాను.

ఫలితం వెంటనే కనిపించింది. మూడు పూటల్లో 5 పెద్ద చేపలు పడ్డాయి. చేతికి వచ్చింది ఒక్కటే. మిగిలిన నాలుగూ ఎలా పోయాయో విడివిడిగా రాస్తున్నాను, ఎందుకంటే అన్నిటికీ కారణం ఒకటి కాదు.

ఏడో పూట మొదటి చేప: రెండు నిమిషాలు లాగాక దారం ఒక్కసారిగా వదులైంది. గాలం తిరిగి వచ్చింది, కానీ వంపు తెరుచుకుని దాదాపు సూదిలా ఉంది.

ఎనిమిదో పూట: మళ్ళీ అదే. ఈసారి తెరుచుకున్న గాలం మొన కూడా విరిగింది. ఒకసారి జరిగినప్పుడే గాలం మార్చి ఉండాల్సింది, మార్చలేదు.

ఎనిమిదో పూట సాయంత్రం: దారం గాలం ముడి దగ్గర తెగింది. గాలం చేప పెదవిలోనే ఉండిపోయింది. నా దగ్గర మిగిలిన కొస తెల్లగా, గరుకుగా ఉంది. ముడి బిగించేటప్పుడు ఉమ్మి తడి కూడా పెట్టకుండా పొడిగా లాగేశాను. పొడి నైలాన్ రాపిడికి వేడెక్కి, అక్కడే బలం పోగొట్టుకుంటుంది. దీనికి చేప బలం కారణం కాదు, నా తొందర కారణం.

తొమ్మిదో పూట: చేప తుంగలోకి దూరింది. ఆపుదామని రీలు మీద చెయ్యి పెట్టి నొక్కాను. దారం మధ్యలో తెగింది.

చేతికొచ్చిన ఆ ఒక్కటి 3.6 కిలోలని రాసుకున్నాను. ఇంటికొచ్చాక తడి సంచిని ఒక్కదాన్నే తూస్తే 0.5 కిలో ఉంది. కాబట్టి చేప 3.1. సంచిని ముందే తడిపి, దాని బరువు తీసేసి అప్పుడు తూచండి.

పెదవిలో గాలంతో పోయిన చేప నన్ను నిద్రపోనివ్వలేదు. బలం లెక్క తేలేదాకా గాలం వేయనని ఆ రాత్రే అనుకున్నాను.

*ఇప్పటికి మొత్తం: 9 పూటలు, 34 గంటలు. పడ్డ పెద్ద చేపలు 5, చేతికి వచ్చినవి 1, పోయినవి 4.*

దశ 5: స్ప్రింగ్ కాటాతో లెక్క

దారాన్ని, గాలాన్ని, రీలును ఒకే కాటాకు కట్టి లాగి చూశాను. ప్రతిదీ మూడేసి సార్లు.

0.20 మిల్లీమీటర్ల నైలాన్, చుట్ట మీద రాసింది 3.6 కిలోలు:
- పొడిగా బిగించిన ముడి: 1.9, 2.2, 2.0
- తడిపి బిగించిన ముడి: 2.9, 3.0, 2.8
- తడిపి బిగించి, గంట సేపు నీళ్ళలో నానబెట్టాక: 2.6, 2.7, 2.6

మూడో వరుసే అసలు సంఖ్య. నైలాన్ నీళ్ళు పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక కొంత బలం తగ్గుతుంది. చేప పడేది నానిన దారానికే కదా.

గాలాలు: నెంబర్ 14 సన్న తీగ 1.5 కిలోల దగ్గర తెరుచుకోవడం మొదలైంది. నెంబర్ 10 మందపు తీగ 4 కిలోల దాకా కదల్లేదు.

ఇక రీలు. నాలుగో దశలో డ్రాగ్‌ను (ఎంత లాగితే రీలు దారం వదలాలో బిగించే అమరికను) వేలితో లాగి చూసి బాగానే ఉందనుకున్నాను. అదే అమరికను కాటాతో లాగితే 2.3 కిలోలకు గానీ దారం వదల్లేదు. గాలం తెరుచుకునేది 1.5 దగ్గర, పొడి ముడి తెగేది 2 దగ్గర, రీలు దారం వదిలేది 2.3 దగ్గర. రీలు పని మొదలుపెట్టకముందే గాలమో ముడో చేతులెత్తేస్తోంది. నాలుగు చేపల్లో మూడింటికి జవాబు ఈ ఒక్క వాక్యంలో ఉంది.

మార్పులు ఇవి:

1. గాలం నెంబర్ 10, మందపు తీగ, వెడల్పు నోరు. బార్బ్‌ను (మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లును) పటకారుతో నొక్కి చదును చేశాను. ఒకవేళ దారం తెగినా చేప దాన్ని వదిలించుకోగలగాలి.
2. గాలానికి కట్టే దారం 0.22 మిల్లీమీటర్లు. నానిన ముడి బలం 3.2 కిలోలు. ఇదే గొలుసులో బలహీనమైన లింకు, తెలిసి పెట్టుకున్నది.
3. రీలు దారం 0.25 మిల్లీమీటర్లు. నానిన ముడి బలం 4.1.
4. డ్రాగ్ 1 కిలో. బలహీనమైన లింకులో దాదాపు మూడో వంతు. ప్రతి పూట మొదట్లో కాటాతోనే సరిచూడాలి, వేలితో కాదు.
5. సీసం గుండు 40 గ్రాములు. దారం తెగితే గుండు జారి విడిపోయేలా కట్టాలి, చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరగకూడదు.

దారం ఇంకా సన్నం చేస్తే ఇంకా ఎక్కువ చేపలు పడతాయేమో. నేను ఒప్పుకోను. సన్న దారంతో చేపను అరగంట ఆడించాల్సి వస్తుంది. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగి ఉండగలదు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. అలసిన చేప ఆ నీళ్ళలో కోలుకోవడం కష్టం. చిన్నదిగా ఉండాల్సింది ఎర. దారం కాదు.

ఇప్పుడు బరువు సమస్య మళ్ళీ వచ్చింది: నెంబర్ 10 తో గింజ 2.4 సెకన్లలో మునిగిపోతుంది. దానికి రెండు పనులు చేశాను.

ఒకటి, గింజను గాలానికి గుచ్చడం మానేసి హెయిర్ రిగ్ కట్టాను. ఇది 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మ్యాడక్స్ తయారుచేసిన పద్ధతి. మొదట్లో నిజంగానే తలవెంట్రుక వాడారు, ఆ పేరు అందుకే. గాలం బోసిగా ఉంటుంది, గింజ దాని పక్కన సన్నటి దారానికి వేలాడుతుంది. చేప గింజను పీల్చినప్పుడు గాలం వెంట పోతుంది. ఊసినప్పుడు గింజ ముందు బయటికి వస్తుంది, బోసిగా ఉన్న మొన పెదవికి తగులుకుంటుంది. గింజకు గుచ్చినప్పుడు ఆ మొన గింజలోనే మూసుకుపోయి ఉండేది. రెండో దశలోని 14 అదుర్లకు బరువుతో పాటు ఇదీ కారణమే అనుకుంటున్నాను.

కట్టే విధానం:

1. 25 సెంటీమీటర్ల దారం తీసుకుని ఒక కొసన చిన్న ఉచ్చు వేయండి. గింజను సన్న సూదితో ఆ ఉచ్చు మీదికి ఎక్కించి, జారకుండా చిన్న పుల్ల అడ్డం పెట్టండి.
2. రెండో కొసను గాలం కంటిలోంచి (దారం కట్టే రంధ్రంలోంచి) వెనక వైపు నుంచి, అంటే మొన లేని వైపు నుంచి, దూర్చండి. గింజకూ గాలం వంపుకూ మధ్య 4 మిల్లీమీటర్లు ఉండేలా సర్దండి.
3. గింజ దారాన్ని గాలం కాడకు (కంటికీ వంపుకూ మధ్య ఉండే నిటారు భాగానికి) ఆనించి పట్టుకుని, పొడుగు కొసతో రెండింటినీ కలిపి కిందికి 7 చుట్లు చుట్టండి.
4. ఆ కొసను మళ్ళీ వెనక వైపు నుంచే కంటిలో దూర్చండి. ముందు నుంచి దూరిస్తే గాలం తిరగాల్సిన వైపు తిరగదు.
5. తడిపి, నెమ్మదిగా బిగించండి.

రెండో పని: గింజ పక్కనే ఉచ్చు మీద 5 మిల్లీమీటర్ల ఫోమ్ ముక్క. డ్రమ్ములో వేస్తే మొదట తేలింది. బ్లేడుతో కొసలు గీస్తూ పోయాను, మూడోసారికి 4.2 సెకన్లకు వచ్చింది. వదులు గింజ 4.6 కు ఇది చాలా దగ్గర. ఈ గీయడం ప్రతి కొత్త గింజకూ చేయాలి, గింజల బరువు ఒకేలా ఉండదు. ఇంట్లోనే పది కట్టి, డ్రమ్ములో పరీక్షించి, అట్టముక్కకు చుట్టి తీసుకెళ్ళాను.

దశ 6: మళ్ళీ చెరువుకు (10 నుంచి 14 పూటలు)

పదో పూట: 40 గింజలు చల్లి, వాటి మధ్యకు గాలం. రెండు చేపలు, 3.2, 3.9. రెండింటికీ గాలం కింది పెదవి మధ్యలో తగిలింది. అంతకు ముందు ఎప్పుడూ అలా శుభ్రంగా తగలలేదు.

పదకొండో పూట: ఉత్సాహం కొద్దీ గుప్పెళ్ళ కొద్దీ గింజలు చల్లాను. మూడు గంటలు ఉలుకూ పలుకూ లేదు. చివర్లో ఒకటి 4.6. ఇంకొకటి తుంగలోకి దూరి ఊడిపోయింది. దారం తెగలేదు, గాలం తిరిగి వచ్చింది, వంపు మారలేదు. అడుగున గింజలు వందల్లో ఉంటే నా గింజ దొరికే వంతు తగ్గుతుంది, అంతే. ఆ తర్వాత మొదట 40, గంటకు 10 చొప్పున మాత్రమే వేశాను. తుంగకు 8 మీటర్ల ఇవతలికి కూడా మారాను.

పన్నెండో పూట: 7.4 కిలోలు. పడ్డప్పుడు అది పెద్దదని తెలియనే లేదు, నెమ్మదిగా దూరం పోతూ ఉంది, రీలు ఆగకుండా దారం వదులుతోంది. చెయ్యి అడ్డం పెట్టాలనే కోరిక పదే పదే కలిగింది. పెట్టలేదు. 1 కిలో దగ్గర కట్టిన డ్రాగ్, మెత్తటి రాడ్ కలిసి పని చేసుకుపోయాయి. 14 నిమిషాలకు వలలోకి వచ్చింది. వల నీళ్ళలోనే ఉంచి, పటకారు ఆనించగానే గాలం ఊడొచ్చింది. ఆ నోట్లో నా బొటనవేలు సులువుగా పడుతుంది, అందులోకి పోయింది చిటికెన వేలి గోరంత గింజ. తడి పరుపు మీద తూకం, మళ్ళీ నీళ్ళలోకి. తోకను పట్టుకుని నిటారుగా నిలబెడితే, తనంతట తను కదలడానికి రెండు నిమిషాలు తీసుకుంది.

పదమూడో పూట: ఒకటి, 3.4. రాసుకోదగ్గ విషయం ఇంకేం లేదు.

*ఇప్పటికి మొత్తం: 13 పూటలు, 48 గంటలు. పడ్డ పెద్ద చేపలు 11, చేతికి వచ్చినవి 6, పోయినవి 5. చేతికి వచ్చిన బరువు 25.6 కిలోలు.*

పద్నాలుగో పూట: నాలుగు గంటల్లో ఒకే చేప, 5.1 కిలోలు. నా నెంబర్ 10 కింది పెదవి మధ్యలో ఉంది. దానికి కుడివైపు, నోటి మూలలో, ఇంకొక గాలం. నల్లటి నెంబర్ 14 సన్న తీగ, బార్బ్ నొక్కనిది, కంటికి అయిదు చుట్ల ముడి, ముడి పైన అర సెంటీమీటరు దారం తెల్లగా గరుకెక్కి ఉంది. ఎనిమిదో పూట సాయంత్రం పోయిన చేప ఇదే. చుట్టూ కండ కొంచెం వాచింది, చీము లేదు. బార్బ్ ఉండడం వల్ల లాగితే చీలుతుందని, మొనను ముందుకు తోసి, బయటికి వచ్చిన బార్బ్‌ను కత్తిరించి, కాడను వెనక్కి తీశాను. చేప మూడు నాలుగు సార్లు నోరు తెరిచి మూసింది. వల ఒక పక్కకు వంచగానే లోతు వైపు తిరిగిపోయింది.

*మొత్తం: 14 పూటలు, 52 గంటలు. పడ్డ పెద్ద చేపలు 12, చేతికి వచ్చినవి 7, పోయినవి 5, వాటిలో ఒకటి తిరిగి వచ్చింది. చేతికి వచ్చిన బరువు 30.7 కిలోలు.*

నెంబర్ 14 గాలాల పొట్లంలో 16 మిగిలాయి. వంపు దగ్గర అన్నీ కత్తిరించేశాను.